పోశం కాకతో రాయించుకున్న మాఫీనామా

2022 ఎండకాలం. చంద్రపూర్ జిల్లాల బొగ్గు బండ్లు ఎక్కువ తిరిగే ఒక స్టేషన్‌ల నేను క్యారేజ్ అండ్ వ్యాగన్ టెక్నీషియన్‌గ పనిచేస్తున్న. స్టేషన్ పేరు రాయను. అక్కడ ఉన్నోళ్లకు ఎట్లాగూ తెలుస్తది. మా పని బండి నడుపుడు కాదు, బండి నడవొచ్చునా లేదా చెప్పుడు. రేక్ అంటే ఒక బండికి తగిలించిన వ్యాగన్లన్నీ. అది యార్డ్‌ల ఆగినప్పుడు రెండు పక్కలా నడుచుకుంట చక్రాలు, స్ప్రింగులు, బ్రేకు సామాను చూస్తం. అంతా బాగుంటే సర్టిఫికెట్ మీద సంతకం పెడ్తం. ఆ సంతకం లేనిది డ్రైవర్ బండి కదిలించడు.

పోశం కాక మా స్టేషన్‌ల అందరికీ ఎరుకే. వాళ్ల నాయిన మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చి ఇక్కడనే నిలిచిపోయిండు. కాక కూడ బాయిలనే, బొగ్గు తొట్లను తాడుతోని గుంజే ఇంజన్ నడిపి రిటైర్ అయిండు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ప్లాట్‌ఫారం టికెట్ తీసుకొని, చివరి బెంచీ కాడ ఫోన్ పట్టుకొని నిలబడేటోడు. వచ్చే పోయే బండ్ల వీడియో తీసి, ఇంజన్ నంబరెంత, ఏ షెడ్డుది, ఎంత లేటు, అన్నీ రైలు అభిమానుల వాట్సాప్ గ్రూపుల పెట్టేటోడు. తెలుగు రాసుడు రాదు, మరాఠీల రాసేటోడు. కోపమొస్తే మాత్రం తెలుగుల వాయిస్ మెసేజే.

"బొగ్గుకు దారిచ్చి మనుషుల్ని స్టేషన్ బయటి సిగ్నల్ కాడ గంట నిలబెట్టిండ్రు. బొగ్గుకేమన్న దవఖాన పనున్నదా?" అని ఒకసారి పెట్టిండు. మా స్టాఫ్ అందరం విని నవ్వినం. ఆయన అడిగిందాంట్ల తప్పేమున్నదని ఒక్కరం కూడ అనుకోలే.

ఆ రోజు ఇద్దరు చూడాల్సిన రేక్ నేనొక్కణ్నే చూస్తున్న. మనుషుల్లేరు. ఖాళీలు నింపుమని అడిగీ అడిగీ యూనియనోళ్ల నోళ్లు ఎండిపోయినయి. ఎడమ పక్క మొత్తం చూసి, కుడి పక్కకు తిరిగి సగం దాక వచ్చేసరికి మా ఇన్‌చార్జి ఫోన్.

"కంట్రోల్ ఆఫీసోళ్లు బండి వదలమని ప్రాణం తింటున్నరు. మొన్న చూసిన రేకే గదా, సంతకం పెట్టి వదిలెయ్."

పెట్టిన. ఈ మాట దాచి మిగతాది చెప్తే నేను కూడ తప్పు దాచేటోళ్ల లెక్కనే అయిత.

బండి పోయి పది నిమిషాలు కాలేదు, కాక మా గది తలుపు కాడ రొప్పుకుంట నిలబడ్డడు.

"తమ్మీ, ఇప్పుడు పోయిన బొగ్గు బండి ఆపియ్యి."

కుర్చీల ఉన్న ఇన్‌చార్జి తల ఎత్తకుండనే అన్నడు. "ఎందుకు? వీడియో మంచిగ రాలేదా?"

"ఎనక నుంచి ఆరో డబ్బా కింద ఇనుప దూలం ఊగుతుంది సారు. ఇగో, మీరే చూడుండ్రి."

"బండి కింద ఏముంటదో నీకేం తెలుసు?"

"బాయిల ముప్పై ఏండ్లు తొట్లు గుంజిన. ఏది ఊగాలె, ఏది ఊగొద్దు, గంత తెల్వదా?"

నేను ఫోన్ తీసుకొని వీడియో మెల్లగ నడిపి చూసిన. అది బ్రేక్ బీమ్. రెండు చక్రాల నడుమ అడ్డంగ ఉండి, బ్రేకు వేసినప్పుడు చక్రాలను అదిమే దూలం. ఒక కొస ఊడి, పట్టాల నడుమ కంకరకు జానెడు ఎత్తుల వేలాడుతుంది. పట్టాలు చీలే పాయింట్ల కాడ అది తట్టుకుంటే బండి పట్టాల మీద ఉండదు. వీడియో నా ఫోన్‌కు పంపుకున్న.

ఇన్‌చార్జి కూడ చూసిండు. చూసి గొంతు తగ్గించిండు. "ఆపితే మన సర్టిఫికెట్ అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టు. ముందల పెద్ద యార్డోళ్లు చూసుకుంటరు తీయ్."

నేను స్టేషన్ మాస్టర్ గదికి ఉరికిన. ఆయన వీడియో ఒక్కసారి చూసి, ఒక్క ప్రశ్న అడగకుండ ముందు స్టేషన్‌కు ఫోన్ కొట్టిండు. బండి అక్కడి సిగ్నల్ కాడ ఆగింది. నేను బైక్ మీద పోయి చూసేసరికి బీమ్ ఒక్క పట్టీ మీద వేలాడుతుంది. డ్రైవర్ దిగి వంగి చూసిండు. "ఇంకో రెండు వందల మీటర్లల్ల పాయింట్లున్నయి" అన్నడు. ఆ వ్యాగన్‌ను విడదీసి పక్క లైన్ల పెట్టినంకనే నేను అక్కడి నుంచి కదిలిన.

మధ్యాహ్నం తిరిగొచ్చి ముందుగాల కాకకే చెప్దామని ప్లాట్‌ఫారం చివరికి పోయిన. కాక లేడు. నేను అటు పోంగనే ఇన్‌చార్జి ఫోన్ చేసి రైల్వే పోలీసోళ్లను పిలిచిండని చాయ్ అమ్మే ఆమె చెప్పింది. అనుమతి లేకుండ వీడియోలు తీస్తుండని రెండు గంటలు గదిల కూసోబెట్టిండ్రట. ఫోన్ గుంజుకొని అన్నేండ్ల వీడియోలు తుడిచేసిండ్రట. తప్పయింది, ఇంకోసారి చేయనని మాఫీనామా, అంటే క్షమాపణ కాగితం, రాయించుకొని పంపిండ్రట.

వారం తిరగకముందే నోటీసు బోర్డు మీద కాగితం వడ్డది. అప్రమత్తంగ ఉన్న సిబ్బంది పెద్ద ప్రమాదం తప్పించిండ్రట. బహుమతికి రెండు పేర్లు, ఇన్‌చార్జిది, నాది. ఆ కాగితం చదువుతుంటే నా ఒళ్లు మండిపోయింది. ఆపొద్దన్నాయనకు బహుమతి. సగం చూసి సంతకం పెట్టిన నాకు బహుమతి. ఆపించిన మనిషికి మాఫీనామా!

ఆ సాయంత్రమే విసాపూర్‌ల కాక ఇంటికి పోయిన. కాక భార్యను మేమంతా మరాఠీ తీరుగ కాకు అంటం. తలుపు తీసిన కాకు నా యూనిఫామ్ చూసి బెదిరింది. అది చూసి నాకు సిగ్గయింది.

"జేబుల టికెట్ ఉన్నది, చూపిస్తే తీసి కింద పారేసిండ్రు" అన్నడు కాక. "బంద్ చేసిన పాసింజర్ బండి ఆఖరి రోజు వీడియో ఉండె నా కాడ. అదింక యాడ దొరుకుతది? బాయిల ఒక్క మెమో తీసుకోలే. ఇప్పుడు ముసలితనంల దొంగ లెక్క మాఫీ రాయించుకున్నరు. నేనేం తప్పు చేసిన తమ్మీ, నువ్వే చెప్పు."

"మరి ఎందుకు రాసిచ్చినవ్ కాకా?"

"రాయకుంటే కేసన్నరు. కాకుకు బీపీ ఉన్నది. పోలీసులు ఇంటికొస్తే తట్టుకుంటదా?"

నేను ఇంటికొచ్చి రెండు పేజీలు రాసిన. కుడి పక్క సగమే చూసిన్నని, అయినా సంతకం పెట్టిన్నని, లోపం పట్టింది పోశం అని, బహుమతి నాకొద్దని. వీడియో జతచేసి పై ఆఫీసుకు పంపిన.

"నీ సంతకం తప్పని నువ్వే రాసిస్తవా? మతి ఉన్నదా నీకు?" అని ఇన్‌చార్జి కుర్చీల నుంచి లేచిండు.

"ఉన్నది గన్కనే రాసిన."

విచారణ అయింది. నా సర్వీసు పుస్తకంల మందలింపు ఎక్కింది. అది న్యాయమే, నేను తల వంచుకొని తీసుకున్న. ఫోన్ల చెప్పిన మాటకు రుజువు లేదని ఇన్‌చార్జిని వదిలేసిండ్రు. ఆయన బహుమతి కూడ ఆయన కాడనే ఉన్నది.

విచారణ అధికారి కాకను పిలిపించిండు. ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు కాక. అధికారి మర్యాదగనే "మీకు డిపార్ట్‌మెంట్ తరఫున థాంక్స్" అన్నడు.

"థాంక్స్ నాకొద్దు సారు. నా మాఫీనామా నాకు వాపస్ ఇయ్యుండ్రి."

"అది వేరే వాళ్ల ఫైల్ల ఉంటది. ఇప్పుడు కష్టం."

"ఎంతసేపైనా కూసుంట."

నాలుగు గంటలు కూసున్నడు. నీళ్లిస్తే తాగలేదు. చివరికి కాగితం తెచ్చిచ్చిండ్రు. కాక మొదటి నుంచి చివరి దాక చదివి, నాలుగు ముక్కలు చింపి, ముక్కలు జేబుల పెట్టుకొని లేచిండు. తర్వాత ప్లాట్‌ఫారం మీదికి మళ్లా రాలేదు. రోడ్డు వంతెన మీంచి వీడియోలు తీస్తుండని విన్న.

లోపాలు రాసే రిజిస్టర్ల "ఎవరు కనుగొన్నరు" అని ఒక గడి ఉంటది. ఇప్పుడు ప్రయాణికుడు చెప్పినా, పల్లీలు అమ్మేటోడు చెప్పినా ఆ గడిల వాళ్ల పేరే రాస్తున్న. బయటోళ్ల పేర్లు రావొద్దని ఒక అధికారి ఒకసారి కొట్టేసిండు. కింది వరుసల మళ్లా రాసిన. చెప్పొచ్చిన మనిషిని నేరస్థుణ్ని చేస్తే, రేపు కండ్లార చూసినోడు కూడ మనకెందుకని మొకం తిప్పుకొని పోతడు. అప్పుడు సగం చూసి పెట్టిన నా సంతకం ఒక్కటే ఆ బండితోని పోతది.