ఓడకి మిగిలిన ఒక్క తాడు

మా ఊరి నుంచి ఏ దిక్కుకి నడిచినా పత్తి చేను, అది దాటితే మిరప చేను. సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. అలాంటి చోట కూర్చుని నేను తెరచాప ఓడల బొమ్మలు చేస్తాను. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నప్పుడు పట్టుకున్న పిచ్చి, రిటైరయ్యాక ముదిరింది.

పనిలో పెద్ద రహస్యమేమీ లేదు, ఓపిక తప్ప. బొమ్మలకి వాడే మెత్తటి పొణికి చెక్కని ఓడ ఆకారంలో చెక్కి, దాని మీద వెదురు బద్దల్ని సన్నగా చీల్చి వరసగా అతికిస్తాను. స్తంభాలకి కొబ్బరి ఈనెలు. తెరచాపలకి పాత పంచె ముక్క, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టింది. అసలు కష్టమంతా తాళ్లది. కుట్టుదారానికి నూగు ఉంటుంది. చిన్న ఓడ మీద అది గొంగళిపురుగులా కనిపిస్తుంది. అందుకని చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కల మీద దారాన్ని లాగి నునుపు చేస్తాను. కళ్లాల్లో మిర్చి ఎండే రోజుల్లో మాత్రం తాళ్ల జోలికి పోను. ఒక్క తుమ్ముకి ఒక స్తంభం పోతుంది.

ఆ మధ్య నాకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అన్నం మా ఆవిడే కలిపి ముద్దలు పెట్టేది. ఏడుపొచ్చేది. ఏడ్చాను కూడా. నెలల తరబడి వ్యాయామాలు చేశాక వేళ్లు కదిలాయి. ముందు చొక్కా బొత్తాం పట్టుకున్నాను, తర్వాత పట్టకారు. అప్పుడు మొదలుపెట్టిందే ఈ ఓడ.

అది పూర్తి కావస్తుండగా మా ఆవిడ మెల్లగా బయటపెట్టింది, తనకో మొక్కుబడి ఉందని. మా చర్చిలో కోతపండుగకి తొలి ఫలం తెచ్చి ఇస్తారు: మొదట ఏరిన పత్తి, తొలి కోత మిర్చి, గుమ్మడికాయ, కోడి. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. ఇచ్చినవాళ్లు తమ వస్తువుకి వేలం పాడకూడదు.

"చెయ్యి తిరిగొస్తే ఆ చేత్తో చేసిన మొదటి వస్తువు దేవుడికిస్తానన్నానండీ" అంది.

నాకు ఒళ్లు మండింది. నా చెయ్యి బతికిందనడానికి ఆ ఓడొక్కటే సాక్ష్యం. దాన్ని పాటలో ఎవరికో ఇచ్చెయ్యాలా? పూర్తికాని వస్తువుని ఇవ్వలేం కదా అని, చివరి తాడు ఒకటి కట్టకుండా వదిలేశాను.

"అయిందా?" అనేది.

"ఇంకా ఒక్క తాడు."

ఆ ఏటి పండుగ అలాగే దాటిపోయింది. మరుసటి ఏడు పండుగ దగ్గరపడుతుంటే ఆమె అంది: "పక్కింటి కుట్టుమిషను సూదిలో దారం ఎక్కించి వస్తారు. ఓడ దగ్గరకొచ్చేసరికి చెయ్యి రాదేం?"

ఆ సాయంత్రమే చివరి తాడు విసురుగా కట్టేశాను.

వేలంలో గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి. ఓడని ఎత్తి చూపిస్తే ఎవరూ నోరు విప్పలేదు. మిరప కోతలకి పోయే ఒకావిడ వెనక నుంచి, "మాస్టారూ, ఇది నీళ్లలో తేలుద్దా అండీ?" అని గట్టిగా అడిగింది.

"తేలదమ్మా."

"మరెందుకండీ?"

జనం నవ్వారు. ఎవరూ కొనకపోతే బాగుండునని పొద్దుటి నుంచీ కోరుకున్నవాణ్ణి, తీరా ఎవరూ కొనకపోయేసరికి తల కొట్టేసినట్టయింది. ఇచ్చింది వెనక్కి తెచ్చుకోవడానికీ లేదు. పాస్టరుగారు దాన్ని బలిపీఠం పక్కన కిటికీ గూట్లో పెట్టించారు.

ఎండలు ముదిరాక వడగాలికి ఓడ తాడు ఒకటి సడలింది. ఆ చివరిదే. ప్రసంగం వినడం మానేసి ఆదివారమల్లా దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. దేవుడికిచ్చిన వస్తువు, ముట్టుకోవచ్చో కూడదో తెలియదు.

మొన్న ఆరాధన అయ్యాక మా ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి లేచొచ్చి, మైనం పట్టించిన దారం పోగు నా చేతిలో పెట్టింది.

"వెళ్లి కట్టిరండి. ముడెయ్యడానిక్కూడా ఆయనే దిగిరావాలా?"

వెళ్లి, పాత తాడు తీసేసి కొత్తది కట్టాను. చెయ్యి వణకలేదు. బాగా కుదిరిందేమో చూడమందామని తిరిగాను. ఆమె ఓడని చూడటం లేదు, నా చేతినే చూస్తోంది.