మగ్గం గుంతలో నిలిచిన నాఫ్తా

హిందూపురం పారిశ్రామికవాడలోని ఒక రంగుల ఫ్యాక్టరీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాక, నా పద్దెనిమిదో ఏట, ఒక జూన్ నెలలో, నాఫ్తా నమూనాల బాధ్యత నాకు అప్పగించారు. బడికి పోకుండా ఇంట్లో నాయన దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసినదాన్ని. అంత నమ్మకమైన పని దక్కినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

నాఫ్తా ముడిచమురు శుద్ధిలో వచ్చే తేలికపాటి ద్రవం. ఎరువులకూ ప్లాస్టిక్కులకూ ముడిసరుకు. మా దగ్గర రంగును పలచన చేయడానికి వాడేవాళ్లం. ట్యాంకర్ రాగానే సీసాలో నమూనా పట్టి, సాంద్రత, మరిగే వేడి చూసి నేను సంతకం పెడితేనే సరుకు దించేవారు. ఆ సీసాను మూడు నెలలు దాచి, తర్వాత వ్యర్థాల డ్రమ్ములో పోయాలి. కానీ నూనె మరకలకు మంచిదని గడువు తీరిన సీసాలను పనివాళ్లు అడిగి తీసుకుపోవడం మా దగ్గర అలవాటు. నేనూ ఇచ్చేదాన్ని.

డ్రమ్ములు నింపే ఓబులేసు ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. ఇంట్లో అతని భార్య లక్ష్మీదేవి పట్టుచీరలు నేసేది.

"అక్కా, మగ్గం పైనుండే జకార్డు పెట్టెలోనుంచి నూనె చుక్క కొంగు మీద పడుండాది. ఎల్లుండి పెండ్లికి ఆ చీరే కావాలంట. ఒక సీసా ఇయ్యక్కా."

"పొయ్యి ఆర్పి, తలుపులు తీసి వాడప్పా."

"నాకే చెప్తాండావా! పదేండ్లుగా ఈ వాసనతోనే గదా అన్నం తినేది. నన్ను చూస్తే రంగుడబ్బా వచ్చె అంటాది మా ఇంటామె." నవ్వుకుంటూ పోయాడు.

మర్నాడు అతను పనికి రాలేదు. పెనుకొండ నుంచి వచ్చే ఫోర్‌మన్ రైల్లో విన్న కబురు చెప్పాడు.

ఓబులేసు పొయ్యి ఆర్పాడు, తలుపులు తీశాడు. చీర మగ్గం మీదే ఉన్నందున, పోసిన దాంట్లో సగం పోగుల మధ్య నుంచి మగ్గం గుంతలోకి కారింది. గంట గడిచాక వాసన పోయిందనుకుని లక్ష్మీదేవి గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. నేత మొదలుపెట్టే ముందు మగ్గానికి కర్పూరం వెలిగించడం వాళ్లింటి ఆచారం. నాఫ్తా ఆవిరి గాలికన్నా బరువు. పైన వాసన లేకపోయినా పల్లంలో నిలిచి ఉంటుంది. కర్పూరం అంటించగానే గుంత భగ్గుమంది.

అనంతపురం ఆసుపత్రికి వెళ్లాను. ఒకసారి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు చూసిన నన్ను ఆమె గుర్తుపట్టి, "కొంగు కాలిపోయెనా అక్కా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. నిత్యం ప్రార్థన చేసే నోటితోనే ఆ అబద్ధం ఆడాను. నాలుగో రోజు ఆమె పోయింది.

సీసా ఇచ్చింది నేనేనని మేనేజరుకు రాసిచ్చాను. నమూనాలు బయటికి పోకూడదని ఉత్తర్వు వేశారు, నా ఇంక్రిమెంటు ఆపారు. ఓబులేసు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు ఇప్పటికీ అతనికి రుణపడి ఉన్నాను. దినాల రోజు నన్ను ఓదార్చడానికే అన్నాడు: "నువ్వు చెప్పినట్టే చేసినాం గదక్కా."

ఫ్యాక్టరీలో పంపు గుంతలోకి దిగేవాళ్లను నేను రోజూ ఆపి, ఆవిరి ఉందేమో చూసి దిగమనేదాన్ని. అతనింట్లో మగ్గం ఉందంటే గుంత ఉంటుందని నాకు తెలుసు. నాఫ్తా ఎవరి చేతికైనా ఇచ్చే ముందు, వాడే చోట పల్లం ఉందేమో అడగాలి. ఆ రోజు నేను పొయ్యి, తలుపుల గురించే చెప్పాను.