రెండు స్విచ్చుల నక్షత్రం

వెలుగును చీకటి నుంచి వేరుచేసిన సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఆ రెంటినీ తిరిగి కలిపేసిన ఘనత మాత్రం నాది. బాపట్లలో నేను వెలగబెట్టిన ఆ నిర్వాకం వల్ల ఒక పెద్దావిడ క్రిస్మస్ ఆరిపోబోయింది. ఎలాగో ఈ సంఘం ముందు సాక్ష్యంగా చెప్తాను, నవ్వుకోండి. నాకూ ఇప్పుడు నవ్వే వస్తోంది.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. మాది రేపల్లె. బాపట్ల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నన్ను తిట్టడానికి పనికొస్తుంది. పెళ్లి కాలేదు. మేడ మీద ఒక గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. బడి వదిలాక మర్నాడు బెల్లు కొట్టేదాకా నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండేది కాదు. వాటిలో సగం ప్రార్థనలే. కుక్కర్ విజిల్ వేస్తే ఎవరో పలకరించినట్టు ఉలిక్కిపడేవాణ్ణి.

కింద ఇంటావిడ సుందరమ్మగారు. డెబ్బై దాటాయి, అక్కడి చర్చి సంఘంలో అందరికీ మామ్మగారు. భర్త పోయాక ఆవిడా ఒక్కతే. ఆవిడ టీవీ నాకు, నా కుక్కర్ ఆవిడకు వినబడేవి. మా సహవాసం అంతవరకే.

డిసెంబరు మొదట్లో ఒకరోజు ఆవిడ మెట్ల కింద నిలబడి పిలిచింది.

"మాస్టారూ, మా ఇంటికి క్రిస్మస్ పాటలతో కేరల్స్ వాళ్లు వచ్చి ఆరేళ్లైందండి."

"అదేంటండి మామ్మగారూ? ఈ వీధి పొడుగునా పాడతారుగా?"

"క్రిస్మస్ నక్షత్రం దీపం వెలిగిన ఇంటి ముందే ఆగుతారు. చీకటిగా ఉంటే ఇంట్లో లేరనో, ఒంట్లో బాలేదనో అనుకుని సాగిపోతారు. మీ తాతగారు, అదే మా ఆయన, ఉన్నప్పుడు పైకెక్కి వేసేవారు. స్విచ్చేమో పైన మీ గదిలో, నా మోకాళ్లేమో కింద."

"నేను వేస్తాగా!"

"కేరల్స్ శనివారం. మీరు శనివారం రేపల్లెలో అన్నయ్యగారింట్లో ఉంటారుగా. కిందనించి కూడా వెలిగేలా ఇంకో స్విచ్చు పెట్టిస్తే... ఏసుపాదాన్ని పిలవనా?"

ఏసుపాదం మా సంఘంలో ఎలక్ట్రీషియన్. కేరల్స్‌లో డోలక్ కూడా అతనిదే.

"నేనుండగా ఏసుపాదం ఎందుకండి?" అన్నాను. గర్వం వచ్చేటప్పుడు తలుపు కొట్టదు, చూడండి.

ఆ ఆదివారం రేపల్లె నుంచి వస్తూ, తెనాలిలో బండి మారే గంటలో ఎలక్ట్రికల్ షాపుకెళ్లాను.

"మామూలు స్విచ్చా, టూవేనా సార్?" అన్నాడు షాపతను.

"మామూలుదే ఇవ్వండి. నేను ఫిజిక్స్ మాస్టార్ని."

అతను నావైపు జాలిగా చూశాడు. గౌరవమనుకున్నాను.

మెయిన్ ఆపి, పై స్విచ్చు నుంచి నక్షత్రానికి వెళ్లే తీగను కోసి, ఆ మధ్యలో కింది స్విచ్చు తగిలించాను. పైది ఆన్‌లో ఉంచి, కిందికొచ్చి నొక్కాను. వెలిగింది! ఆర్పాను. ఆరింది! మామ్మగారు కొంగుతో కళ్లొత్తుకుంది. మర్నాటి నుంచే పాడేవాళ్ల కోసం గులాబీ పువ్వుల పిండివంట వేయించడం మొదలుపెట్టి, రెండు పెద్ద డబ్బాలు నింపింది.

శనివారం పొద్దున రేపల్లె బయల్దేరుతూ, బుద్ధిమంతుడైన అద్దెమనిషిలా గదిలో స్విచ్చులన్నీ ఆపేశాను. నక్షత్రానిది కూడా.

ఆ సాయంత్రమే, కేరల్స్ వినాలనిపించి ఒకరోజు ముందే తిరిగొస్తూ తెనాలి స్టేషన్లో బండి కోసం పడిగాపులు పడుతుంటే ఫోన్ మోగింది.

"మాస్టారూ, మీ నక్షత్రం తూర్పుదేశపు జ్ఞానులకేనా, బాపట్ల వాళ్లకి కూడా కనబడుద్దా?"

"వెలగట్లేదా మామ్మగారూ?"

"ఇరవైసార్లు నొక్కా. ఎదురింట్లో పాడేస్తున్నారు."

"గేటు దగ్గరికెళ్లి పిలవండి!"

"పిలిస్తే వస్తే అదేం రావడం మాస్టారూ?"

ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. డోలక్ చప్పుడు కొంచెం కొంచెంగా చిన్నదైపోవడం తెనాలి ప్లాట్‌ఫారం మీద నిలబడి విన్నాను.

రైలు నిడుబ్రోలు దాటాక నా తలలో వెలిగింది. శ్రేణి సంధానం! రెండు స్విచ్చులూ ఆన్‌లో ఉంటేనే వెలుగు, ఏ ఒక్కటి ఆపినా చీకటి. ఐదేళ్లుగా పిల్లల చేత బొమ్మ గీయించిన పాఠం. తప్పు గీసినవాళ్లను బెంచీ ఎక్కించినవాణ్ణి.

బాపట్లలో దిగి ఆటో ఎక్కాను. కేరల్స్ బృందం వీధి చివరి ఇంట్లో కాఫీ తాగుతోంది. పాస్టరు అయ్యగారి చేతులు పట్టుకున్నాను.

"అయ్యగారూ, ఒక ఇల్లు మిగిలిపోయిందండి."

"సుందరమ్మగారిదా? నక్షత్రం లేదు కదయ్యా, పడుకున్నారేమోనని..."

"నక్షత్రం ఉందండి. లేనిది నా బుర్ర."

అందరూ వెనక్కి వచ్చారు. నేను మెట్లెక్కి పై స్విచ్చు నొక్కాను. చీకటి! అప్పటికే మామ్మగారు విసిగిపోయి కిందది ఆపేసింది.

"మామ్మగారూ, ఆన్ చెయ్యండి!"

"పనిచెయ్యని స్విచ్చుకి ఆన్ ఏంటి, ఆఫ్ ఏంటి!"

అంటూనే నొక్కింది. ఈలోగా నేను కంగారుపడి నాది ఆపేశాను. మళ్లీ వేశాను. ఆవిడ ఆపింది. పైన నేను, కింద ఆవిడ, ఇద్దరం వెలిగించాలనే నొక్కుతున్నాం. నక్షత్రం మాత్రం ధూళి పడ్డ కన్నులా కొట్టుకుంటోంది. వీధంతా నవ్వులు.

ఏసుపాదం డోలక్ దించి అరిచాడు. "మాస్టారూ, ఆన్‌లో పెట్టి చెయ్యి తీసెయ్యండి! మామ్మగారూ, ఇప్పుడు మీరు!"

వెలిగింది. పాడారు. రెండు డబ్బాలూ ఖాళీ అయ్యాయి. మామ్మగారు ఖాళీ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, వాటిలో ఏదో నిండుగా ఉన్నట్టు.

"రెండు చోట్ల నించీ వెలగాలంటే మూడు కాళ్ల టూవే స్విచ్చులు రెండు, వాటి మధ్య రెండు తీగలు," అన్నాడు ఏసుపాదం. "మీ పాఠంలో లేదా మాస్టారూ?"

"ఉంది."

"మరి?"

"నేను చెప్పేవాణ్ణే తమ్ముడూ, వినేవాణ్ణి కాను."

సోమవారం అతనే సరిచేశాడు. పండుగ అయిపోయినా ఆ నక్షత్రాన్ని మేము దించలేదు. చీకటి పడగానే పైన నేను వేసేవాణ్ణి. కాసేపటికి కిందనించి ఆవిడ ఆర్పేసేది. కూర దిగింది, రమ్మని అర్థం. రెండేళ్లు అలా తిన్నాను. తర్వాత ఒక సాయంత్రం నక్షత్రం వెలుగుతూనే ఉండిపోయింది. ప్రభువు ఆవిడను పిలుచుకున్నాడు.

ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నాను. కుక్కర్ అదే. మొన్న మా ఇంటి నక్షత్రానికి టూవే స్విచ్చులు పెట్టించాను. ఎలక్ట్రీషియన్ చేతే.

"ఉండేది మీరొక్కరేగా సార్, రెండోది ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడతను.

"బయట, గేటు స్తంభానికి."

సంఘం ఎదుట ప్రమాణం చేస్తున్నాను: బతికుండగా ఇక స్క్రూడ్రైవర్ ముట్టను. మీరూ నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, గేటు దగ్గర స్విచ్చు నొక్కడానికి ఎవరినైనా పంపు. వాళ్లు నొక్కేటప్పుడు లోపలి స్విచ్చు మీద నేను చెయ్యి వెయ్యను, ఈసారి నిజంగా వెయ్యను. ఆమేన్.