మాటకో మనిషి

దర్జీ దుకాణంలో చొక్కా గుండీలకు చేతికాజాలు కుట్టే ఆమెను వీధంతా కాజాల పిల్ల అనేవారు. ముప్ఫై దాటినా పిల్ల పిల్లగానే ఉండిపోయింది. దుస్తుల డిజైన్ నేర్పే కాలేజీలో చేరాలని ఆమె కోరిక. గీయడంలో, కత్తిరించడంలో ఢోకా లేదు. ప్రవేశపరీక్షలో ఇంగ్లిష్ మాటల భాగమే నిరుడు నిలువునా ముంచింది. వయసు లెక్క ప్రకారం ఈ ఏడే ఆఖరి అవకాశం.

అవేమైనా మామూలు మాటలా! పలకబోతే నాలుక మడతపడేవి. ఎంత బట్టీ పట్టినా చిల్లికుండలో నీళ్లే. చివరికి ఆమె తనకు చేతనైన దారి పట్టింది. ఎవరి కొలత వాళ్లదని చూసే అలవాటు కదా, ఒక్కో మాటను ఒక్కో మనిషికి తొడిగింది. బ్రెడ్డు దుకాణం ఆయనకు లోక్వేషస్, అంటే వాగుడుకాయ. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకుని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాడు. పాంటు పొడుగు పదేపదే మార్పించుకునే గుమాస్తాకు ఫాస్టిడియస్. ఏదీ ఓ పట్టాన నచ్చని మనిషి మరి. మనిషి కళ్లముందు మెదిలితే చాలు, మాట అర్థం దానంతటదే వచ్చేది.

దుకాణం నడిపేది వదిన. ఆడపడుచు చదువుకోవాలని మధ్యాహ్నాలు ఆమె వంతు కాజాలు కూడా తానే కుట్టేది. కుడుతూ సణిగేది. దారం నాసిరకమనీ, కళ్లు పోతున్నాయనీ, బతుకంతా మిషన్ ముందే తెల్లారిపోయిందనీ. ఒకనాడు బ్రెడ్డాయన బిరుదు సంగతి విని ముచ్చటపడి, "నాకేం పెట్టావే?" అని అడిగింది.

కాజాల పిల్ల నవ్వుతూ క్వెరులస్ అంది. ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూ ఉండేవాళ్లని అర్థం కూడా విప్పి చెప్పింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా! వదిన దారం తెంపి మరో చొక్కా అందుకుంది.

ఆ రోజు నుంచి ఆమె నోరు మెదపలేదు. అన్నం పెట్టింది, కాజాలు కుట్టింది, మాట మాత్రం లేదు. అన్నయ్య తల దూర్చబోయి, మనకెందుకులే అని వెనక్కి తగ్గాడు. కాజాల పిల్ల తప్పైపోయిందంది, కాళ్లావేళ్లా పడింది. వదిన ఊఁ అనైనా అనలేదు. ఆ సణుగుడు వినపడని దుకాణంలో చదువు తలకెక్కలేదు. ఆ గొంతు పక్కనుంటేనే తనకు ధైర్యమని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

పరీక్షలో టాసిటర్న్ అనే మాట ఎదురైంది. నోరు విప్పని మనిషి అని అర్థం. వాళ్ల వీధిలో అలాంటివాళ్లెవరూ లేక ఎన్నాళ్లు చదివినా నిలవని మాట. మొన్న పుస్తకం తిరగేస్తుంటే అదే వచ్చి వదినకు అతుక్కుంది. సరైన జవాబు దగ్గర గుర్తు పెట్టింది. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి వదిన ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పేసింది. "నీ మౌనం వల్ల ఒక మార్కొచ్చింది వదినా. అది నాకొద్దు. నువ్వు మాట్లాడు."

వదిన చొక్కా ఒళ్లో పెట్టుకుని ఆమెను తేరిపార చూసింది.

"ఇన్నాళ్లూ నీ కాజాలు కుట్టాను కదే. దానికి ఆ పుస్తకంలో ఒక్క మాటా దొరకలేదా నీకు?"

కాజాల పిల్లకు తల కొట్టేసినట్టయింది. సీటు వచ్చింది, కాలేజీలో చేరింది కూడా. వదిన అడిగిన మాట మాత్రం ఆమెకు ఇంకా దొరకలేదు.