ఎన్.యు.ఎల్. అనే ఫైలు

ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల మొదట్లో తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. చదివింది ఎనిమిదే. టైపు నేర్పుకుంటూ, పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళు 'టైపు మాస్టారు' అని నవ్వుతుంటే ఒళ్ళు మండేది. ఆ మంటలోనే ఒక ప్రోగ్రాం రాశాను. ఎవరు కొట్టిన జాబితా వారి పేరులోని పొడి అక్షరాలే ఫైలు పేరుగా ఫ్లాపీలో చేరాలి. అది నా నియమం. ఓనరు మెచ్చుకున్నారు.

రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి కొత్తగా చేరింది. నూతలపాటి ఉషా లిడియా. ఎన్, యు, ఎల్. బాపట్ల కాలేజీవాళ్ళ పరీక్షల జాబితా ఆమెకిచ్చాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొట్టింది. సేవ్ అయినట్టు తెర మీద పడింది. మర్నాడు చూస్తే ఫైలే లేదు. మళ్ళీ మొత్తం కొట్టింది. మూడో రోజు చూస్తే మళ్ళీ లేదు.

భోజనాల వేళ మాన్యువల్ తిరగేశాను. ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. కంప్యూటర్ని నడిపే డాస్ అనే ప్రోగ్రాం తన కోసం అట్టిపెట్టుకున్న పేర్లు కొన్ని ఉన్నాయి, వాటిలో ఎన్.యు.ఎల్. ఒకటి, ఆ పేరుతో ఏం రాసినా యంత్రం కిక్కురుమనకుండా తీసుకుని పారేస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు. నా నియమానిది.

సాయంత్రం కాలేజీ గుమాస్తా జాబితా కోసం వచ్చి కూర్చున్నాడు. ఓనరు ఆమెను అందరి ముందూ నిలబెట్టారు.

"రెండు రోజులు ఏంటమ్మా చేశావు? కుర్చీకి కాపలా కాశావా?"

ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. "మాస్టారూ, మీరు పక్కనే ఉన్నారు కదండీ. నేను కొట్టడం చూశారు కదండీ."

ఓనరు నావైపు తిరిగారు. "మీ ప్రోగ్రాంలో ఏమన్నా లోపం ఉందా మాస్టారూ?"

"లేదండి," అన్నాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? కాదు. ఎనిమిదో తరగతివాడి ప్రోగ్రాం కదా అని ఆ డిగ్రీలవాళ్ళు మళ్ళీ నవ్వుతారని, ఆ నవ్వు వినడం కంటే ఒక ఆడపిల్ల తలవంచుకు వెళ్ళడమే నాకు తేలికనిపించిందని ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని రేపల్లె బండికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మర్నాడు నేను ప్రోగ్రాంలో పేర్ల అక్షరాలు తీసేసి ఫైళ్ళకు అంకెలు పెట్టాను. ఎందుకని అడిగినవాడు లేడు.

కొన్నేళ్ళకు బాపట్ల స్టేషన్లో కనిపించి, తనే వచ్చి పలకరించింది. కీబోర్డు ముందు కూర్చోవాలంటే ఇప్పటికీ భయమని, ఆనాడు తన చేతుల్లో ఏం లోపమో తెలియలేదని నవ్వుతూ చెప్పింది. బండికింకా టైముంది. నేను నోరు విప్పలేదు.

తీసుకున్నట్టు నటించి పారేసే ఆ యంత్రాన్ని ఎన్నో ఏళ్ళు తిట్టుకున్నాను. మరి నేను చేసిందేంటి?

క్షమించమనడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు కూడా. ఆమె రెండు రోజులూ కొట్టింది. నేను చూశాను.