పది నిమిషాలంటే ఇరవయ్యో ఎక్కం దాకా

మా అత్తవారింట్లో గడియారం లేదు. బాన్సువాడలో మా వాడకట్టు మొత్తానికి ఉన్న ఒక్క గోడగడియారం మా వెనకింట్లో కిరాయికి ఉండే కాలువ ఓవర్సీరు గారిది. ఆయన భార్య సికింద్రాబాదు మనిషి. నేను మొదటిసారి మెత్తని బిస్కీటు తిన్నది ఆమె చేతిదే. చాప చుట్టినట్టు చుట్టిన పిండిలో దాల్చిన చెక్క పొడి, చక్కెర వరుసలు తిరిగి ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే పళ్లతో పని పడలేదు. ఆ ముచ్చట ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె మామ చెవిన వేసింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ వానాకాలమే మా మామకు చివరి పన్ను ఊడింది. ఆయన చిన్ననాటి దోస్తు ఒకాయన పెద్ద కొడప్‌గల్ నుంచి ప్రతి అంగడి రోజూ ఎడ్ల కచ్చరం కట్టుకుని వచ్చేవాడు. మామ కంటే రెండేళ్లు పెద్ద, పళ్లు మాత్రం ముప్పై రెండూ ఉన్నాయని చెప్పుకునేవాడు. మా అరుగు మీద కూర్చుని మా చెరుకే పళ్లతో చీరి నములుతూ అత్తమ్మతో అనేవాడు:

"చెల్లె, బావకింత జొన్న గటక కాసియ్యి. ముసలోడైండు."

రెండు అంగళ్లు మామ ఓర్చుకున్నారు. మూడో అంగడికి కడుపునొప్పని లోపలే పడుకున్నారు. దోస్తు లోపలికే వచ్చి మంచం పక్కన కూర్చుని చెరుకు నమిలాడు. అప్పుడు మామ లేచి కూర్చుని అన్నారు:

"వచ్చే అంగడికి రా. నువ్వు, నేను ఒక్క పళ్ళెంల తిందం. బిస్కీట్లు."

"పండ్లు లేని నోట్లె బిస్కీటేంది బావా? నానేసుకొని తాగుతవా?"

"నానేస్తె నన్ను బావా అనకు."

దోస్తు వెళ్లాక మామ అత్తమ్మను అడిగారు, "నీ కోడలు చేస్తదా?" నేను తలుపు వెనకే ఉన్నాను. అత్తమ్మ నా వైపు తిరిగి, "చేస్తవా?" అంది. నేను తలూపాను. ఆమె అటు తిరిగి, "చేస్తదట" అంది.

మా ఇళ్లలో అప్పుడు అదే పద్ధతి. కోడలు మామ ఎదుట పడకూడదు, గొంతు వినిపించకూడదు. మరీ అవసరమైతే గాజులు గలగలలాడించాలి. కాపురానికి వచ్చి ఐదేళ్లయినా మామ నా గొంతు ఎరగరు.

మర్నాడే ఓవర్సీరు గారింటికి వెళ్లి కొలతలు అడిగాను. మైదా ముప్పై తులాలు, చక్కెర పదిహేను, వెన్న పన్నెండు, గుడ్డు ఒకటి, సోడా చిటికెడు. చుట్టలోకి రెండు తులాల చక్కెరలో పావు తులం దాల్చిన చెక్క పొడి. ఆమె గట్టిగా చెప్పింది: "పది నిమిషాలే. ఇంకా కాలలేదేమో అనిపిస్తుంది, అప్పుడే తీసెయ్యాలి. పావుగంట ఉంచితే రాళ్లే."

పది నిమిషాలు ఇంటికి ఎలా తెచ్చుకోవాలన్నదే నా బాధ. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు మా అన్నలు అరుగు మీద పంతులు ముందు ఎక్కాలు అరుస్తుంటే తలుపు వెనక బియ్యం ఏరుతూ పట్టుకున్నాను. అన్నలు మరిచిపోయారు, నాకు ఉండిపోయాయి. ఆ గడియారం ముందు నిలబడి రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా చదివాను. ముల్లు సరిగ్గా పది నిమిషాలు జరిగింది. పంతొమ్మిది ఎక్కాలు, నూట తొంభై వరుసలు, నిమిషానికి పంతొమ్మిది. మూడుసార్లు చూశాను. ఒక్కసారి మాత్రం అర నిమిషం తగ్గింది, అదీ చివర్లో తొందరపడ్డందుకు. మనసులో చదివితే వేగం నిలవడం లేదు, పైకే చదవాలి.

అంగడి రోజు పొద్దున తక్కెడ తీస్తే అత్తమ్మ మూతి తిప్పింది. "నా చెయ్యి ఉండంగ తక్కెడెందుకు? బగారన్నంల ఏసే చెక్కను చక్కెరల కలుపుతున్నవ్. గిది తిన్నోడు కూరేదని అడుగుతడు."

పిండి రెండు చుట్టలు చుట్టి, ఒక్కో దాన్ని దారంతో పన్నెండు ముక్కలు కోశాను. పెరట్లో పెద్ద ఇనుప గంజులో మంజీర ఇసుక పోసి, కింద నిప్పు పెట్టి కాగనిచ్చి, మొదటి పన్నెండూ సర్దిన పళ్ళెం లోపల దించి, మూత మీద నిప్పులు పరిచాను. అత్తమ్మ పక్కింటికి పాలకు వెళ్లింది. నేను ఎక్కాలు మొదలుపెట్టాను.

"పదమూడు ఐదులు అరవై ఐదు" అన్నానో లేదో, మామ పెరట్లోకి వచ్చారు.

నోరు మూసుకుని, కొంగు ముసుగు లాక్కుని వంటింటి తలుపు వెనక్కి వెళ్లిపోయాను. అప్పటికి నూట పదిహేను వరుసలయ్యాయి, ఇంకా డెబ్బై ఐదున్నాయి. అంటే నాలుగు నిమిషాలు. మామ గంజును చూశారు, తలుపును చూశారు. ఎక్కాలతో బిస్కీట్లు కాల్చే సంగతి అత్తమ్మ ఆయనకు ముందే నవ్వుతూ చెప్పి ఉంది. లెక్క ఆగితే తన బిస్కీట్లేమవుతాయోనని భయపడినట్టున్నారు. గంజు ముందు పీట వేసుకుని అందుకున్నారు:

"పదమూడు ఆర్లు... డెబ్బై ఎనిమిది."

ఎక్కాలు ఆయనకు బాగానే వచ్చు. పళ్లు లేవు, అంతే. ఒక్కో వరుస చిగుళ్ల మధ్య నలిగి బయటికి వచ్చేసరికి నాకు రెండు వరుసల పొద్దు పట్టేది. మధ్యలో కోడిని అదిలించారు. నేను లోపల చదువుకుందామంటే ఆయన పదిహేనులు నా పదహారుల్లో కలిసిపోతున్నాయి. పదిహేడో ఎక్కం సగంలో ఉండగా వాసన మారింది. ఆయన్ను దాటి గంజు దగ్గరికి పోలేను, నోరు తెరవలేను. గాజులు గలగలలాడించాను.

ఆయన ఆగి, "తప్పు వొయ్యిందా?" అని తనలోనే అనుకుని, పదిహేడో ఎక్కం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. నేను ఇంకా గట్టిగా ఆడించాను. మూడోసారి మొదలుపెట్టారు.

అత్తమ్మ పాలచెంబుతో వచ్చింది. "ఏంది, ఇంట్ల బడి పెట్టినవా?"

"కోడలు ఆపింది. నేను అందుకున్న."

అత్తమ్మ మూత తీసి, ఒకటి తీసి గంజుకేసి కొట్టింది. టక్కుమంది. "నువ్వు చదివిన చదువుకు గిది నీకా, వడ్రంగోని సుత్తెకా?"

మామ నవ్వలేదు. నాలుకతో చిగుళ్లు తడుముకున్నారు. కచ్చరం వచ్చే వేళవుతోంది. అత్తమ్మతో అన్నారు, "నీ కోడలికి చెప్పు. ఎక్కాలు మాటల కిందికి రావు. నేనున్నా చదవచ్చు."

"ఇన్నవా?" అంది అత్తమ్మ, నాకేదో చెవుడున్నట్టు.

రెండో పళ్ళెం దించాం. మామ అటు తిరిగి కూర్చున్నారు. నేను తలుపు వెనక నుంచి రెండో ఎక్కం ఎత్తుకున్నాను. వేగం తప్పలేదు. ఐదో ఎక్కం నుంచి ఆయన కథ వింటున్నట్టు వరుస వరుసకూ "ఊఁ" కొట్టడం మొదలుపెట్టారు. ఇరవై పదులు రెండు వందలు అనగానే అత్తమ్మ మూత లేపింది. కాలనట్టే ఉన్నాయి. తీసేశాం. చల్లారాక ఆమె ఒకటి తిని వేళ్లు నాక్కుంది.

మాట ప్రకారం ఒక్క పళ్ళెమే సర్ది అత్తమ్మ చేత పంపాను. దోస్తు వైపు గట్టివి నాలుగు, మామ వైపు మెత్తవి నాలుగు. దోస్తు మొదటిది కొరికాడు. కొరికిన చోటే చాలాసేపు ఆగాడు. అతను ఆ ఒక్కటీ ముగించేలోపు మామ రెండు తిన్నారు, నానేయకుండానే.

"మంచిగున్నయా బావా?" అన్నారు మామ.

"మంచిగనే ఉన్నయ్." దోస్తు దవడ పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నీ దిక్కువి ఇటు జరుపు. కింది పన్ను నిరుడు సంది కదులుతుంది. ఎవలికీ చెప్పకు."

మామ పళ్ళెం తిప్పారు. ఆ రెండూ క్షణంలో పోయాయి. "ఇంకున్నయా?" అన్నాడు దోస్తు.

అత్తమ్మ పశువుల కొట్టంలో ఉంది. మామ అటూ ఇటూ చూసి, తలుపు వైపే అడిగారు: "ఎన్ని ఉన్నయి బిడ్డా?"

ఐదేళ్లలో ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. లోపల ఏడున్నాయి. దోస్తు తినే తీరు చూస్తే ఏడూ నిలిచేట్టు లేవు, మామకు రేపటికేమీ మిగలదు.

"రెండు" అన్నాను.

దోస్తు ఒకటి తిని, ఇంకోటి రుమాలులో కట్టుకుని కచ్చరం ఎక్కాడు. మామ అతన్ని సాగనంపి వచ్చి, నేను వినేట్టుగానే అత్తమ్మతో అన్నారు:

"మెత్తయి పన్నెండు గాల్చింది. నువ్వొకటి తిన్నవ్. పళ్ళెంల నాలుగొచ్చినయ్, మల్ల రెండొచ్చినయ్. కోడలికి ఎక్కాలైతే మంచిగొస్తయ్ గని, తీసివేతలు రావు. కడమ ఐదు తెమ్మను."