చెవిలో చల్లనీళ్లు

చెవులమ్మ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది వినిపించక వస్తారు, మిగతా సగం నిలబడలేక వస్తారు. వినిపించనివాళ్లు ఆ మాట ఒక పట్టాన ఒప్పుకోరు. నాకు బాగానే వినపడుతుంది, మా ఆవిడే ఈ మధ్య గొంతు తగ్గించి మాట్లాడుతోంది అనే పెద్దమనిషి వారానికి ఒకరైనా తగులుతారు. ఆయన వెనకే ఆవిడ నిలబడి ఉంటుంది. చెవులమ్మ వంక ఒక చూపు చూసి ఊరుకుంటుంది. నిలబడలేనివాళ్లు అలా కాదు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ వస్తారు. కుర్చీలో కూర్చున్నాక కూడా దాని చేతులు వదలరు.

చెవులమ్మ అన్న పేరు వీధి పిల్లలు పెట్టింది. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత అలవాటైపోయి, ఫోన్‌లో ఎవరండీ అంటే తనే ఆ పేరు చెప్పడం మొదలుపెట్టింది.

మందుల షాపు పైన మేడ మీద రెండు గదులు ఆమెవి. ఒక గది గోడలకు బూడిదరంగు స్పాంజి, దానికి బరువైన తలుపు, చిన్న అద్దం కిటికీ. లోపల కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ల ఎర్ర గుబ్బ కుడి చెవికి, నీలం గుబ్బ ఎడమ చెవికి తగిలించి, చేతికి బటన్ ఇస్తుంది. సన్నటి కూత వినిపిస్తే నొక్కాలి. రెండో గదిలో ఎత్తయిన మంచం, గోడకు స్క్రీన్, ఒక జత నల్ల గాగుల్స్ ఉంటాయి. అవి పెట్టుకుంటే మనిషికి చీకటి. లోపలి కెమెరాలకు మాత్రం కళ్లు కనిపిస్తాయి. స్క్రీన్ మీద ఆ కళ్లు పళ్లేలంత అవుతాయి. నిలకడ తప్పించేది చెవి అయితే, ఆ సంగతి చెప్పేది కన్ను. తల ఎటు తిప్పితే కన్ను ఎటు కొట్టుకుంటుంది, ఎంతసేపు కొట్టుకుంటుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నదే ఆమె చదువంతా.

ఆ గదిలో అందరూ భయపడేది నీళ్ల పరీక్షకి. చెవిలోకి సన్నటి గొట్టంతో చల్లనీళ్లు వదిలితే, పడుకున్న మనిషికి లోకమంతా బొంగరమైపోతుంది. లోపలి చెవి ఎంత బాగుంటే అంత జోరుగా తిరుగుతుంది. అందుకే గొట్టం చేతిలోకి తీసుకోగానే ఆమె ఎవరికైనా ఒకే మాట చెప్తుంది. "రెండు నిమిషాలు గిర్రున తిరుగుతుంది. తర్వాత దానంతట అదే పోతుంది. నేనిక్కడే ఉంటాను, భయపడకండి." నిద్రలో లేపి అడిగినా అదే వరసలో చెప్పగలదని అక్క ఎగతాళి చేసేది. కొండంత మనిషి, లారీ నడిపే ఆయన, ఆ రెండు నిమిషాలూ ఆమె మణికట్టు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోతుందని చెప్పకపోయుంటే ఆయన గుండె ఆగిపోయేదని ఆమెకు ఇప్పటికీ అనుమానమే.

ఇక బావ సంగతి. ఆమెను అక్షరాలా చేయి పట్టుకుని స్కూలుకు తీసుకెళ్లింది ఆయనే. అమ్మా నాన్నా పోయేసరికి ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసు. కొత్తగా పెళ్లయిన అక్క వెంట ఆమె కూడా ఆ ఇంటికి వచ్చింది. ఇదేంటి, ఒకటి కొంటే ఇంకోటి ఊరికే వచ్చింది అని బావ నవ్వాడట. అంతకు మించి ఆ విషయం మీద ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన క్రేన్ నడుపుతాడు. కట్టే మేడలకంటే ఎత్తున, ఆకాశంలో అగ్గిపెట్టెలా కనిపించే గదిలో కూర్చుని ఇనుప దూలాలు ఎత్తుతాడు. ఆయన పైన కూర్చున్నన్నేళ్లూ ఆమె కాలేజీలో కూర్చుంది. ఇప్పటికీ పిలుపు మాత్రం 'పిల్లా' అనే. మనసు బాగుంటే 'డాక్టరమ్మా' అంటాడు, అదీ వెక్కిరించడానికి.

ఒకరోజు పొద్దున్నే ఆయన పక్క మీద అటు నుంచి ఇటు తిరిగేసరికి ఇంటి కప్పు గిరగిరా తిరిగింది. అక్కకు తెలియకుండా మేడ మీద చెవులమ్మ గదిలోకి వచ్చి, దానికి చెప్పకు, ఏడ్చి పెడబొబ్బలు పెడుతుంది అన్నాడు. ఆమె ఆయన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి తల కొద్దిగా కిందికి వేలాడేసింది. ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు కళ్లు పైకి కొట్టుకుంటూ మెలి తిరిగాయి, కాసేపటికి అవే సద్దుమణిగాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెవి లోపల ఇసుకలాంటి పలుకులు ఉంటాయి, అవి చోటు తప్పితే ఇలాగే అవుతుంది. తలను ఒక పద్ధతిలో తిప్పి, మనిషిని పక్కకు దొర్లించి, కూర్చోబెట్టింది. లేచి గదంతా నడిచి చూసుకున్నాడు. ఏమీ లేదు.

ఇంతేనా, దీనికా అన్నేళ్లు చదివావు అన్నాడు. ఆ సాయంత్రం పనిచోట అందరికీ మా మరదలి చేతిలో మంత్రం ఉందని చెప్పుకున్నాడు, ఎవరికి పట్టిందో మాత్రం చెప్పకుండా. చెవులమ్మకు లోపల కాస్త గర్వంగానే ఉండింది.

నెల తిరక్కముందే, ఒక మధ్యాహ్నం, బావ హెల్మెట్ చేత్తో పట్టుకుని మేడ మీదికి వచ్చాడు. మళ్లీ మొదలైందట. భోజనాల వేళ అయ్యాక దూలాలు ఎత్తాలట, కింద పదిమంది పట్టేవాళ్లు కాచుకుని ఉంటారట.

"ఆ మంత్రం ఒక్కసారి వెయ్యి పిల్లా, వెళ్లిపోతా."

గుమ్మంలోంచి మంచం దాకా ఆయన కాళ్లు ఎడం చేసి నడవడం ఆమె చూసింది. బూట్ల బరువేమో అనుకుంది. గాగుల్స్ పెట్టి పడుకోబెట్టింది. తల ఇలా దించిందో లేదో కళ్లు కొట్టుకోవడం మొదలైంది. పైకి కాదు, కిందికి. అవి ఆగేదాకా చూద్దామనుకుంది. అవి ఆగలేదు. కింద వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేసుకుంటున్నారు, అవడం లేదు. ఆ చప్పుడు వింటూ స్క్రీన్ వైపే చూస్తూ నిలబడింది.

గాగుల్స్ తీసేసి, కిటికీ వెలుతురులో తన వేలు చూడమంది. చెవిలో దోషమైతే, కళ్లు ఒకదాన్ని పట్టుకుని చూస్తే నిలకడ వస్తుంది. బావ కళ్లు ఆమె వేలి మీద నిలవలేదు. జారిపోతూ, మళ్లీ ఎక్కుతూ, జారిపోతూనే ఉన్నాయి.  తల నొప్పేమైనా ఉందా అని మామూలు గొంతుతోనే అడిగింది. వెనకాల కొంచెం లాగుతోంది, ఆ కొత్త దిండు వల్ల అన్నాడు. ఆ దిండు కొని ఏడాది దాటింది.

"బావా, ఇది చెవిది కాదు."

"మరి?"

"తల లోపలిది అయ్యుండొచ్చు. ఇవాళే స్కానింగ్ తీయించాలి. నువ్వు పైకెక్కొద్దు."

ఆయన మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మొహం ముడుచుకున్నాడు. తను కష్టమైన కేసులు పంపే పెద్ద డాక్టరుగారిని అడుగుదామంటే ఆయన ఆపరేషన్ గదిలో ఉన్నారు, ఫోన్ తీయడం లేదు. బావ మంచం అంచు పట్టుకుని కూర్చుని, మెల్లగా, కోపంగా చెప్పుకుపోయాడు. తల తిరుగుడు అన్న మాట ఒక్కసారి పనిచోట పడిందంటే మళ్లీ ఆ గదిలో కూర్చోనివ్వరు. పైన ఉంటే తను మనిషి, కిందికి దిగితే ఆ పదిమందితో పదకొండోవాడు. మొన్న చిటికెలో తగ్గించినదానివి ఇవాళ తగ్గించలేక తలకాయ అంటున్నావు అన్నాడు.

"నువ్వు చెవుల డాక్టరమ్మవి. తల సంగతి నీకెందుకు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అక్కకు ఫోన్ చేస్తానంది. చేశావంటే ఈ గుమ్మం మళ్లీ తొక్కను అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషేనని ఆమెకు తెలుసు. పనిచోటికే ఫోన్ చేస్తే? ఆయన బతుకు ఆయనకు తెలియకుండా తీసేసినట్టవుతుంది. చెయ్యకపోతే, ఆ ఎత్తున, కొక్కేనికి దూలం వేలాడుతుండగా ఈ కళ్లు కిందికి జారితే? కింద తలలెత్తి చూస్తున్న పదిమంది ఆమె కళ్లముందు కదిలారు. వాళ్లలో ఒక్కరి మొహం కూడా ఆమెకు తెలియదు. 

బావ లేచాడు. ఒక క్షణం కళ్లు మూసుకుని, సర్దుకుని, హెల్మెట్ అందుకున్నాడు. రెండుసార్లు చెయ్యి చాస్తే గానీ అది అందలేదు.

"ఇంకొక్క పరీక్ష ఉంది. చెవిలో నీళ్లు పోసేది. అది చేయించుకుని వెళ్లు, నేను ఆపను."

"నీళ్లే కదా. పొయ్యి, తొందరగా."

ఆమె చెవిలోకి లైటు వేసి చూసింది, కర్ణభేరి బాగానే ఉంది. గాగుల్స్ పెట్టింది. దిండు ఎత్తుగా సర్దింది. ఈ పరీక్షతో తెలిసేది నిజంగానే ఒకటుంది. నీళ్లకు కళ్లు కొట్టుకుంటున్నప్పుడు గాగుల్స్ లోపల చిన్న దీపం వెలిగించి చూడమంటే, మెదడు బాగున్నవాడి కళ్లు నెమ్మదిస్తాయి. కాబట్టి చెయ్యాల్సిందే చేస్తున్నానని తనకు తను చెప్పుకుంది. గొట్టం చేతిలోకి తీసుకుంది. అలవాటుగా నోరు తెరుచుకుంది, రోజూ చెప్పే ఆ మాట నాలుక మీదికొచ్చింది. ఆమె నోరు మూసుకుని నీళ్లు వదిలింది.

కాసేపు బావ హుషారుగానే ఉన్నాడు. చక్కిలిగింతగా ఉందన్నాడు. ఆ తర్వాత మాట సగంలో ఆగింది. రెండు చేతులూ మంచం అంచుల కోసం వెతికాయి. కాళ్లు ముడుచుకున్నాయి. స్క్రీన్ మీద కళ్లు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. పిల్లా, పడిపోతున్నా అన్నాడు. ఆ గొంతు ఆమె ఇన్నేళ్లలో వినలేదు. చెయ్యి పట్టుకోమని గాలిలో చాచాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. దీపం వెలిగించి, దాన్ని చూడు బావా అంది. చూశాడు. కళ్లు నెమ్మదించలేదు, వీసమెత్తు కూడా. ఆమె భయపడింది నిజమే అయింది. ఇక ఆ పరీక్షతో పని లేదు.

ఆయన పక్కకు ఒరిగి ట్రేలో వాంతి చేసుకున్నాడు. ఆపు, ఆపెయ్ అంటున్నాడు. ఆపడానికి ఏమీ లేదు, నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. అది పోతుందని ఒక్క మాట అంటే చాలు. 

"అక్కడ పైన ఇది వస్తే, ఎవర్ని ఆపమంటావు బావా?" అంది.

 నీళ్ల తిరుగుడు దానంతట అదే తగ్గింది. గాగుల్స్ తీస్తే కళ్లలో నీళ్లున్నాయి. గోడ గడియారం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు గానీ నంబరు నొక్కడం చేతకాలేదు. ఆమె నొక్కి చెవి దగ్గర పెట్టింది. అవతల పని చూసే ఆయన ఎత్తాడు. బావ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ నేనెక్కను. వేరేవాణ్ని పంపండి. లేదండీ, జ్వరం కాదు. కళ్లు తిరుగుతున్నాయి."

ఫోన్ ఇచ్చేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మీ అక్కకు నువ్వే చెప్పు అన్నాడు.

పెద్ద ఆసుపత్రికి అక్క కాళ్లకు రెండు రకాల చెప్పులతో వచ్చింది. ఏడ్చి పెడబొబ్బలు పెడుతుందన్న మనిషి ఒక్క చుక్క రాల్చలేదు. ఆయన పాత చీటీలు, చొక్కా, నీళ్ల సీసా అన్నీ సంచిలో సర్దుకుని వచ్చింది. నీ దగ్గరికి వచ్చాడా, మొదటిసారా అని మాత్రం అడిగింది. చెవులమ్మ రెండోసారని చెప్పింది. అక్క తల పంకించి, ఆ సంగతి తర్వాత మాట్లాడతా అంది.

స్కానింగ్ గది తలుపు మూసుకుంది. అద్దం అవతల స్క్రీన్ ముందు కూర్చున్నతను మొదట పక్కనున్న ఆవిడతో ఏదో కబురు చెప్తూ ఉన్నాడు. మధ్యలో ఆపేశాడు. లేచి ఇంకొకర్ని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ వంగి చూస్తున్నారు. ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు. మొహాలు చదవడం చెవులమ్మకు వృత్తి. ఆ వృత్తి రాకపోయుంటే బాగుండునని అప్పుడనిపించింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది, ఎముకలు నొప్పెట్టేలా.

డాక్టరు వచ్చి చెప్పాడు. చిన్నమెదడు దగ్గర గడ్డ. చుట్టూ వాపు. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఈ మనిషి ఇన్నాళ్లు నిచ్చెనలెలా ఎక్కాడని అడిగాడు. 

వార్డులో అక్క సంతకాలకని వెళ్లినప్పుడు బావ కళ్లు తెరిచాడు. 

"ఆ నీళ్ల తిరుగుడు తగ్గిపోతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"చెప్తే ఎక్కేవాడివి."

 ఆయన దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాడు. ఆమె మంచానికి దూరంగా, తిట్టు కోసం కాచుకుని నిలబడింది. తిడితే బాగుండుననిపించింది.

"పొద్దున ఏమవుతుంది?" అన్నాడు చివరికి. "ఈసారి ఏదీ దాచకు."

ఆమె ఏదో ఒక మంచి మాట కోసం వెతుక్కుంది. 

"నాకు తెలీదు బావా. నాకూ భయంగానే ఉంది."

ఆయన కాసేపు ఆమె వైపే చూశాడు, ఆ జారిపోయే కళ్లను ఆమె మొహం మీద ఆపుకోవాలని ప్రయత్నిస్తూ. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, మంచం మీద ఆమె కూర్చోవడానికి చోటిచ్చాడు.